అయిదు బొత్తాల సంభాషణ

ఆ రోజు పొద్దున్నే దీపం పెట్టి, గంట టీచర్ దేవుణ్ణి ఒక్కటే కోరుకుంది. "స్వామీ, ఇవాళ పిల్లలు నాతో మాట్లాడాలి." ఇరవై రెండేళ్ళుగా ఆమె రోజూ కోరుతూ వచ్చింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. దేవుడు కూడా కాస్త తికమక పడే ఉంటాడు.

చంటిపిల్లల బడిలో ఆమెకా పేరు ఊరికే రాలేదు. ఆమె బల్ల మీద చిన్న ఇత్తడి గంట ఉండేది. అది మోగితే ఇరవై నోళ్ళు టక్కున మూతపడేవి. కానీ ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. పిల్ల ఒక మాట అంటే టీచర్ దాన్ని అందుకుని ఇంకో మాట అనాలి. పిల్ల మళ్ళీ అందుకోవాలి. బంతిలాగా మాట అయిదుసార్లయినా అటూ ఇటూ తిరగాలి. అది చూడ్డానికే ఇవాళ తనిఖీ అధికారిణి వస్తోంది.

"మీ గదిలో మాట తిరక్కపోతే రేపట్నుంచి మీరు రికార్డు గదిలో కూర్చోవాల్సిందే. నా చేతుల్లో ఏమీ లేదు" అని పెద్ద టీచర్ ముందే చెప్పేసింది. రికార్డు గదిలో బీరువాలుంటాయి. బీరువాలు అల్లరి చెయ్యవు. అలాగని పొద్దున్నే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లాగవు కూడా. ఆ సంగతి తలుచుకునే గంట టీచర్ పొద్దున్నే దేవుణ్ణి పట్టుకుంది.

లెక్క తప్పకుండా ఉండాలని ఆమె పాత చొక్కాకున్న అయిదు బొత్తాలు కోసి, రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టింది. మాట తిరిగినప్పుడల్లా ఒక బొత్తం ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలోకి వెళ్ళాలి. ముందుగా భర్త మీద ప్రయోగం చేసింది.

"ఏమండీ, పేపర్లో ఏముంది?"

"వార్తలు."

ఒక బొత్తం కదిలింది.

"ఎలాంటి వార్తలు?"

ఆయన పేపరు దించి ఆమె మొహంలోకి చూశాడు. "నీకు ఒంట్లో బాగానే ఉందా?"

రెండో బొత్తం కదిలింది. "ఎందుకలా అడిగారు?" అనేసరికి ఆయన థర్మామీటరు కోసం లేచాడు.

బడికి రాగానే ఆమె గంటని అలమారలో దాచి, గిన్నెలు బల్ల మీద పెట్టుకుంది. అందరికంటే ముందు పిట్ట వచ్చింది. పిట్టకి నాలుగేళ్ళు. పెద్ద టీచర్‌కి స్వయానా తమ్ముడి కూతురు, ఉండేది కూడా ఆ అత్త ఇంట్లోనే.

"గంట ఏదీ?"

"ఇవాళ గంట లేదు, కబుర్లే. ఇంటి దగ్గర విశేషాలేంటమ్మా?"

పిట్ట రిబ్బను కొస నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "అత్త నీళ్ళోసుకుంది."

టీచర్ చేతిలో బొత్తం గాల్లోనే ఆగిపోయింది. పెద్దవాళ్ళ భాషలో నీళ్ళోసుకుందంటే కడుపుతో ఉందనే కదా! పెద్ద టీచర్‌కి యాభై మూడేళ్ళు. ఇద్దరు కొడుకులకీ పెళ్ళిళ్ళయిపోయాయి. దేవుడి లీల కాకపోతే ఏమిటిది? అవతల పిట్ట ఇంకేదో చెప్పబోతూ నోరు తెరిచింది. "ఉష్, ఆగమ్మా!" అంది టీచర్. ఇరవై రెండేళ్ళ అలవాటు. బొత్తం మళ్ళీ ఎడమ గిన్నెలోనే పడింది.

ఆమెది జాలి గుండె. వెంటనే వరండాలోకెళ్ళి ఆయాని పట్టుకుంది.

"ఇదిగో, పెద్ద టీచర్‌ని మెట్లెక్కనివ్వకు. బరువు మొయ్యనివ్వకు."

"ఏమైందమ్మా?"

"నీళ్ళోసుకుందట."

"ఈ వయసులోనా!"

"పుణ్యాత్మురాలు. నోరు జాగ్రత్త సుమా!"

ఆయా నోటిని చాలా జాగ్రత్తగానే వాడింది. గుమాస్తా చెవికి ఆనించి మరీ వాడింది.

అరగంట తిరగకుండా పెద్ద టీచర్ కుర్చీలోకి ఒక దిండు వచ్చింది. ఆమె నీళ్ళ కూజా ఎత్తబోతే ఆయా లాక్కుంది. ఆమె అడక్కుండానే బాగా పుల్లగా కలిపిన నిమ్మరసం వచ్చింది. మేడ మీది గదికి బయల్దేరితే గుమాస్తా మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంక మీకెందుకమ్మా ఈ శ్రమ? హాయిగా విశ్రాంతి తీసుకోండి. సెలవు కాగితం కూడా రాసి ఉంచాను. మీరు సంతకం పెడితే చాలు."

పెద్ద టీచర్ మెట్ల దగ్గరే ఆగిపోయింది. తనిఖీ ఉన్న రోజున విశ్రాంతి ఏమిటి? సెలవు ఏమిటి?

గుమాస్తా అక్కడితో ఊరుకోలేదు. ఆమె భర్తకి ఫోన్ చేశాడు. "శుభవార్త విన్నాం సార్! మాకు చెప్పనే లేదు!" అటుపక్క ఆయనకి తెలిసిన శుభవార్త ఒక్కటే, భార్యకి ఏడేళ్ళుగా రాని ప్రమోషన్. పెద్ద పూలగుత్తి కొనుక్కుని పది నిమిషాల్లో బడికొచ్చాడు.

"అభినందనలు! చివరికి సాధించావు!"

పెద్ద టీచర్ పూలగుత్తిని చూసింది, దిండుని చూసింది, సెలవు కాగితాన్ని చూసింది. ఆ బడిలో పూలగుత్తి ఇచ్చేది ఒక్క సందర్భంలోనే, ఉద్యోగం నుంచి సాగనంపేటప్పుడు.

అదే సమయంలో గంట టీచర్ గదిలో తనిఖీ అధికారిణి పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. కొత్త మనిషిని చూసి పిల్లలు బిగుసుకుపోయారు. గంట లేకుండానే గది నిశ్శబ్దంగా ఉంది. బొత్తాలెందుకో అధికారిణి అడిగి తెలుసుకుంది గానీ, అయిదూ ఎడమ గిన్నెలోనే ఉన్నాయి. గంట టీచర్‌కి బీరువాలు కళ్ళముందు మెదిలాయి.

అంతలో తలుపు తోసుకుని పెద్ద టీచర్ ఏడుస్తూ వచ్చింది. వెనకే పూలతో భర్త, దిండుతో ఆయా, కాగితంతో గుమాస్తా.

"నన్ను తీసేస్తున్నట్టు మీ నోటితో మీరే చెప్పొచ్చు కదండీ!" అంది అధికారిణితో.

"నేనా?" అంది అధికారిణి.

"ఏడవకండమ్మా, బిడ్డకి మంచిది కాదు" అన్నాడు గుమాస్తా.

"ఏ బిడ్డకి?"

గుమాస్తా ఆయా వైపు చూశాడు. ఆయా గంట టీచర్ వైపు చూసింది. గంట టీచర్ పిట్ట వైపు చూసింది. ఇక దాచేదేముంది? ఆమె పిట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బొత్తాలు మర్చిపోయింది, తనిఖీ మర్చిపోయింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"పిట్టా, అత్త ఎప్పుడు నీళ్ళోసుకుందమ్మా?"

"పొద్దున్న. గ్లాసుతో."

"గ్లాసుతోనా! ఎక్కడ పోసుకుంది?"

"ఒళ్ళో. కొత్తబట్టలన్నీ తడిసిపోయినాయి."

"అయ్యో! ఎలా ఒలికింది?"

"చెయ్యి ఇట్లా ఇట్లా వణికింది." పిట్ట చేతులూపి చూపించింది.

"ఎందుకు వణికింది?"

"ఈ ఆంటీ వస్తుందని భయం." పిట్ట వేలు తిన్నగా అధికారిణి ముక్కు మీదికి పోయింది. అంతలో పిట్టకే ఒక సందేహం వచ్చింది. "టీచర్, గంట కొడితే అందరూ ఊరుకుంటారు కదా, భయం కూడా ఊరుకుంటుందా?"

పొద్దుట్నుంచీ అదే భయం గంట టీచర్‌కీ ఉంది మరి. "ఏమోనమ్మా. నువ్వేమంటావు?"

"ఊరుకోదు. నేను అత్త చెయ్యి పట్టుకున్నా. అప్పుడు ఊరుకుంది."

పెద్ద టీచర్ ఏడుపు ఆపి చీదుకుంది. చిన్న చప్పుడు వినిపించి గంట టీచర్ తలెత్తి చూసింది. అధికారిణి చివరి బొత్తాన్ని కుడి గిన్నెలో వేసి, ఆరోదాని కోసం ఎడమ గిన్నెలో వేళ్ళతో వెతుకుతోంది.

"నేను చూడ్డానికొచ్చింది ఇదే" అంది, గంట టీచర్‌ని చూపిస్తూ. "ఈవిణ్ణి ఈ గదిలోంచి కదపకండి." వెళ్తూ వెళ్తూ పెద్ద టీచర్ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

"అయితే ప్రమోషన్ రానట్టేనా?" అన్నాడు పూలతో ఉన్నాయన.

సాయంత్రం గంట టీచర్ ఇల్లు చేరేసరికి భర్త తల తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "నేను నీళ్ళు పోసుకున్నానోయ్!"

ఆమె కంగారు పడలేదు. చేతిసంచి దించి, గిన్నెలూ అయిదు బొత్తాలూ తీసి, బొత్తాలు ఎడమ గిన్నెలో పోసుకుని కూర్చుంది.