చిరుపురుగుల చిరునామాలు

ఆ ఉదయం శిష్యుడు వేసుకున్న పథకం చాలా సులువైనది. పోయిన నెలలో కన్నుమూసిన ప్రొఫెసరుగారి ఇంటికి వెళ్ళడం, ఆఖరి పెట్టెలోని దీపపు పురుగుల వివరాలు రాసుకోవడం, మధ్యాహ్నానికల్లా మ్యూజియంలో అప్పగించడం. అవి బియ్యపు గింజంత పురుగులు, ఉష్ణదేశాల అడవుల్లో బతికే ఒక ఉపకుటుంబానివి. ఆ ఉపకుటుంబం కోసం ప్రొఫెసరుగారు సొంత కుటుంబాన్ని ముప్పై ఏళ్ళు వాయిదా వేశారు. ఏ రకం ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పే ఆయన పుస్తకం చివరి అధ్యాయం ఈ పెట్టె మీదే ఆగి ఉంది.

పెట్టెలో నలభై పురుగులు. ఒక్కొక్కటి ఒక్కో చీటీ మీద ఉంది. చీటీ మీద దొరికిన చోటు, తేదీ. పరిశీలించడానికి సూదుల నుంచి తీసి పరిచారు గానీ, మళ్ళీ గుచ్చేలోపే ఆయన పోయారు. అందుకే శిష్యుడు ఊపిరి బిగబట్టి మూత తీశాడు.

ప్రొఫెసరుగారి భార్య గుమ్మంలోంచి చూసింది. కుర్రాడి మొహం ఎర్రబడి, చెమటలు కారుతున్నాయి. "అయ్యో, ఉక్కగా ఉందా బాబూ?" అంటూ ఫ్యాను వేసింది. నోరు తెరిస్తే ఆ ఊపిరికే పురుగులు లేచిపోతాయని శిష్యుడు రెండు చేతులూ ఊపాడు. గాలి చాలడం లేదు కాబోలనుకుని ఆవిడ స్పీడు పెంచింది.

చచ్చిన పురుగులు నిక్షేపంగా ఎగిరాయి. చీటీలు వాటి వెంటపడ్డాయి. అలికిడి విని పెరట్లోంచి వచ్చిన ఆడపడుచు, "ఇల్లంతా ఈ పురుగులేంటి వదినా!" అంటూ అన్నిటినీ చీపురుతో చేటలోకి ఎత్తేసింది.

శిష్యుడు నేలమీద కూలబడ్డాడు. "ఎక్కడ దొరికిందో తెలియని పురుగు ఎందుకూ పనికిరాదమ్మా. సార్ పుస్తకం ఇక రాదు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, చేట ఒళ్ళోకి తీసుకుంది.

"ఈ వెండి చారది కొండమీద దొరికింది, మా పెద్దమ్మాయి పుట్టిన రోజున. మూడోనాడు వచ్చి, పిల్లని చూడకముందే దీన్ని నాకు చూపించారు. ఈ రెండు మచ్చలది నది ఒడ్డున, మా అమ్మ పోయినప్పుడు. ఇదేమో దీవిలోది. నాకు ఆపరేషన్ అయిన వారం."

శిష్యుడు ఆ తేదీలు అడిగి, చీటీలు వెతికాడు. చోటూ తేదీ అచ్చం అలాగే ఉన్నాయి.

"అన్నయ్య ఇవన్నీ చెప్పేవాడా నీకు?" అంది ఆడపడుచు.

"వచ్చిన ప్రతిసారీ భూతద్దం నా చేతికిచ్చేవారు. ఆయన క్షమాపణ అడగడం అదే. నేను కోపంగానే చూసేదాన్ని. కోపంతో చూసినవి అంత తేలిగ్గా మరిచిపోతామా?"

ముప్పై తొమ్మిది పురుగులు తమ చోట్లకి చేరాయి. నలభయ్యోదాన్ని ఆవిడ ఎన్నిసార్లు తిప్పి చూసినా గుర్తు రాలేదు. మిగిలిన ఒక్క చీటీని శిష్యుడు చదివాడు. "మా వంటగది, ఆదివారం."

"ఆ రోజు ఇంట్లోనే ఉన్నారన్నమాట," అంది ఆవిడ. ఆయన పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ పురుగుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

పుస్తకంలో ఆ రకం గురించి "అత్యంత అరుదు, ఒకే ఒక్కసారి కనిపించింది" అని అచ్చయింది.