బల్బు వెలిగేలోగా ఓ ప్రార్థన

ఇంట్లో భక్తి పెరగాలంటే స్విచ్‌లు పీకించండి. మా అబ్బాయి పీకించాడు. ఇప్పుడు మా లైట్లన్నీ వాడు రాసిన కోడ్ ప్రకారం వెలుగుతాయి. వెలిగినప్పుడు.

పూర్వం స్విచ్ నొక్కితే లైటు వెలిగేది. మధ్యలో దేవుడికి చోటేదీ? ఇప్పుడు ఫోన్‌లో నొక్కి, బాత్‌రూమ్ గుమ్మంలో చీకట్లో నిలబడి, "స్వామీ, నీదే భారం" అనుకుంటాను. ఒక్కోసారి వంటింటి లైటు వెలుగుతుంది. మనం అడిగింది కాదు, మనకు తగినది ఇస్తాడని పెద్దలు ఊరికే అన్నారా?

"ఇది ఎసింక్రనస్ నాన్నా," అన్నాడు వాడు. "ఒక లైటు కోసం ఇంకోటి ఆగదు. అన్నిటికీ ఒకేసారి కబురెళ్తుంది. ఏది ముందు పలికితే అది వెలుగుతుంది."

"పలకకపోతే?"

"పలికేదాకా మన పని మనం చూసుకోవడమే."

ఎంత ఉదాత్తమైన సిద్ధాంతం! మా ఇంట్లో బల్బులకంటే ముందు మనుషులే నేర్చుకున్నారు. రోజూ రాత్రి మా ఆవిడ వడ్డించి, "అన్నానికి రండి" అని పిలుస్తుంది. "వస్తున్నా" అని ఒక గదిలోంచి అబ్బాయి, "రెండు నిమిషాలత్తయ్యా" అని ఇంకో గదిలోంచి కోడలు. పలకడం వరకే. కూర చల్లారిపోతుంది. అందరూ వస్తేగాని ఆవిడ ముద్ద ముట్టదు. షుగరు మాత్ర మింగి అలాగే కూర్చుంటుంది.

"మీ అమ్మది పాతకాలపు ప్రోగ్రాం రా, మనుషుల కోసం ఆగుతుంది," అన్నానొకసారి. వాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

మొన్న పిలిచి పిలిచి ఆవిడ గొంతు నీరసించింది. మాత్ర మింగి అప్పటికే గంటైంది.

"నువ్వు తినెయ్యవే," అన్నాను.

"వాళ్లని రానివ్వండి," అంటూ లేచింది. గోడ పట్టుకుని నడిచి, మీటరు పక్కనున్న మెయిన్ స్విచ్ కిందకి దించేసింది.

ఇల్లంతా చీకటి. రెండు గదుల తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"ఏమైందమ్మా?" అంటూ పరుగెత్తుకొచ్చాడు వాడు, వెనకాలే కోడలు.

ఆవిడ కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెట్టింది. "ఏం కాలేదు. వచ్చారుగా, కూర్చోండి," అంటూ తన కంచంలోనూ వడ్డించుకుంది.

అంత చదువుకున్నవాడు, ఇంట్లో స్విచ్‌లన్నీ పీకించినవాడు, ఆ ఒక్కదాన్ని ఎలా వదిలేశాడంటారు? దేవుడున్నాడనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేదు.