కొత్తల పండుగ లేని గ్రహం

తెలుగు వైజ్ఞానిక నవలాలోకానికి శుభవార్త. ‘ఎర్రమట్టి గ్రహం’ నవలల నాలుగో భాగం విడుదలైంది. మొదటి మూడు భాగాలు రాసిన బుధు మాస్టారు చనిపోయి ఆరేళ్లయినందున, ఆ లోటు తెలియకుండా ప్రచురణకర్త దేవీప్రసాద్ గారే స్వయంగా కలం పట్టారు. ఆయన మైదాన ప్రాంత వాస్తవ్యులు. అరకులో రెండు రోజులు బస చేసి గిరిజన జీవితాన్ని ఆమూలాగ్రం పరిశోధించారు.

కథ తెలియనివారికి మనవి. మా మన్యంలోని ముంచింగిపుట్టు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారి నవలల్లో గంగ అనే ఆమె తన ఊరివాళ్లతో వేరే గ్రహానికి వెళ్లి సామలు పండిస్తుంది. మన్యంలో కొత్త పంటను దేవతకు పెట్టి కొత్తల పండుగ చేసుకోందే ఎవరూ నోట పెట్టరు. గ్రహం మారినా గంగ మనుషులు ఆ కట్టు తప్పరు. తెచ్చుకున్న తిండి అయిపోయింది, గాదె నిండా గింజలున్నాయి, ఆ గ్రహపు దేవత ఎవరో మాత్రం తెలియదు. అక్కడ మూడో భాగం ఆగింది. మాస్టారి ఊపిరీ ఆగింది.

ఈ ఆరేళ్లూ చిన్నమ్మలు అనే కాఫీ రైతు మా వారపు సంతలో ఆ మూడు భాగాలనే పదే పదే పైకి చదివి వినిపించింది. ఆమె అత్త పైడితల్లికి చదువు రాదు. ముసలామెకు తెలియాల్సింది ఒక్కటే: వాళ్లు పండుగ చేసుకుని తిన్నారా లేదా?

నాలుగో భాగం ఆ చిక్కును మొదటి పేజీలోనే తేల్చేసింది. భూమి నుంచి వచ్చిన కెప్టెన్ ప్రశాంత్ గాదె తెరిపించి, సామలతో ఉప్మా చేయించుకుని తిన్నాడు. రెండో పేజీలో గిరిజనులకు వ్యవసాయం నేర్పాడు. గంగకు ఆయన సంచి మోసే ఉన్నతోద్యోగం దక్కింది. వ్యోమనౌక నడిమధ్య కట్టెలు పేర్చి బొంగులో చికెన్ కాల్చారు. విమర్శకులు దీన్ని శాస్త్రీయ దృక్పథమన్నారు. శత్రువులు దాడి చేస్తున్నప్పుడు సహా, ప్రతి ఇరవై పేజీలకూ గంగ బృందం ధింసా నాట్యమాడింది. ఏడో అధ్యాయంలో పర్యాటకులు ఫొటోలు దిగే వ్యూపాయింటు కూడా వెలిసింది.

చిన్నమ్మలు చదువుతుంటే జనం ఒక్కొక్కరే లేచి, ఉల్లిపాయలమ్ముకునే నా వైపు వచ్చేశారు. బేరం బాగుంది. మనసే బాగోలేదు.

పైడితల్లి మాత్రం కదల్లేదు. “పండగ సెయ్యకుండానే తినీసినారేటే కోడలా? గంగ ఊరుకుందా?”

“గంగ సంచి మోత్తంది అత్తా.”

“మాస్టారైతే ఇలగ రాయరు,” అని ముసలామె లేచిపోయింది. తర్వాత మూడు వారాలు సంతకే రాలేదు.

అరకులో నవలకు అభినందన సభ జరిగింది. చిన్నమ్మలు వెళ్లి నిలబడి అడిగింది: “అయ్యా, ఇందులో కొత్తల పండగ ఏదండి? మా అత్త బెంగెట్టీసుకుంది.”

దేవీప్రసాద్ గారు మైకు సవరించుకున్నారు. “చూడమ్మా, ఇది అంతరిక్ష యుగం. పాఠకుడికి వేగం కావాలి. పండుగలు పెడితే కథ నెమ్మదిస్తుంది. మీ సంస్కృతిని విశ్వవ్యాప్తం చేయడానికే నేను నడుం కట్టాను. అంత లోటనిపిస్తే మీరే రాసి పంపండి, సాదరంగా పరిశీలిస్తాం!” సభ చప్పట్లతో మారుమోగింది.

చిన్నమ్మలు నిజంగానే రాసింది. కాఫీ పళ్ల కోత అయ్యాక నెల్లాళ్లు కూర్చుంది. అందులో గంగ మొదటి గుప్పెడు గింజలు నేల మీద పోసి, “నువ్వెవరివో మాకు తెల్దు. అడక్కుండా నీ నేల తవ్వీసినాం. ముందు నువ్వు తిను,” అంటుంది. ఆ తర్వాతే పిల్లలకు పెడుతుంది. చదివి వినిపిస్తే పైడితల్లి కొంగుతో కళ్లొత్తుకుని, “ఇప్పుడు తిన్నారు,” అంది. నేనూ ఏడ్చాను. ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

రాసింది పంపితే ప్రచురణకర్త జవాబు వెంటనే వచ్చింది: “మీ రచనలో గిరిజన వాతావరణం కొరవడినందుకు చింతిస్తున్నాం. మాదిరి కోసం మా నాలుగో భాగం చదవగలరు.”

ఐదో భాగంలో ఆ అధ్యాయం అక్షరం పొల్లుపోకుండా ఉంది. కింద చిన్న అక్షరాల్లో “అడవి బిడ్డల నోట తరతరాలుగా వినిపించే గాథ” అని వేశారు. మా మన్యంవాళ్లు తరతరాలుగా వేరే గ్రహాల మీద పంటలు పండిస్తున్నారన్న సంగతి మాకూ అప్పుడే తెలిసింది.

ఆ అధ్యాయం చదివి కంటతడి పెట్టామంటూ పాఠకులైన మీరంతా రాసిన ఉత్తరాలు ప్రచురణకర్త గారి గదిలో గుట్ట పడ్డాయట. అది ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు. ఆరో భాగం ఎప్పుడని మాత్రం అందరూ అడిగారు.