కొట్టేసిన ఐదు మాటలు

ఆ రోజు పొద్దున భార్యాభర్తలు వేసుకున్న పథకం చాలా చిన్నది. విశ్వవిద్యాలయం ఆఫీసులో ఆవిడ ప్రొఫెసర్ ప్రమోషన్ దరఖాస్తు ఇచ్చేయడం, అటునుంచి అటే వాషింగ్ మెషీన్ల దుకాణానికి వెళ్ళడం, ఆకలి వేసేలోగా ఇల్లు చేరడం. దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం పన్నెండుకు కిటికీ మూసేస్తారు. పళ్ళ డాక్టరైన భర్త ఆ పూటకు క్లినిక్ మూసి మరీ వెంట వచ్చాడు.

ఆవిడ తత్వశాస్త్రం చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఒకే సంగతి పట్టుకుని కూర్చుంది. మనిషి తన ఇష్టంతో ఏదీ చెయ్యడు. పుట్టుక, పెంపకం, పరిస్థితులు కలిసి అతనిచేత చేయిస్తాయి. కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు, మెచ్చుకోవడానికీ వీల్లేదు. దీనిమీద మూడు లావుపాటి పుస్తకాలు రాసింది. తరగతికి ఆలస్యంగా వచ్చినవాళ్ళను కూడా "ఏదో కారణం ఉండే ఉంటుంది, కూర్చో" అని లోపలికి రానిచ్చేది. అందుకని విద్యార్థులు 'కారణం మేడమ్' అని పేరు పెట్టుకున్నారు.

దరఖాస్తు చివరి పేజీలో అచ్చేసిన వాక్యం ఒకటుంది: "పై వివరాలను నా స్వేచ్ఛతో, ఎవరి ఒత్తిడీ లేకుండా సమర్పిస్తున్నాను." కారణం మేడమ్ కలం అక్కడ ఆగిపోయింది.

"చూశారా ఏమండీ, ఎంత అన్యాయమో! ఇరవై రెండేళ్ళు స్వేచ్ఛ లేదు, లేదు అని మొత్తుకున్నదాన్ని. ఇప్పుడు ఉందని సంతకం పెట్టాలిట!"

భర్త గోడ గడియారం చూశాడు. "ఎందుకొచ్చిన గొడవ? చెప్పినచోట సంతకం పెట్టేసి వచ్చెయ్" అని, వెళ్ళి వరండాలో బల్లమీద కూర్చున్నాడు.

ఆవిడ 'నా స్వేచ్ఛతో, ఎవరి ఒత్తిడీ లేకుండా' అన్న ఐదు మాటల మీదా అడ్డంగా గీత కొట్టి, సంతకం చేసి, కాగితాలు కిటికీలోంచి లోపలికి తోసింది.

కిటికీ వెనక గుమాస్తా పాతికేళ్ళ సర్వీసున్న మనిషి. అన్యాయం కనబడితే సహించదు. కనబడకపోతే వెతుకుతుంది. చివరి పేజీ చూసింది, వరండాలోని పళ్ళ డాక్టరును చూసింది, గొంతు తగ్గించింది.

"ఎవరి ఒత్తిడీ లేకుండా అన్నది ఎందుకు కొట్టేశారు మేడమ్?"

"ఒత్తిడి ఉంది కనుక."

"ఆయనదేనా? ఇందాక సంతకం పెట్టమని అదిలించడం నా చెవులారా విన్నాను."

"ఆయనొక్కరే ఏమిటండీ! మా అమ్మ ఉంది, మా నాన్న ఉన్నారు, నేను చదివిన బడి ఉంది. పొద్దున తాగిన కాఫీతో సహా అన్నీ కలిసే నాచేత ఆ గీత కొట్టించాయి."

గుమాస్తా కళ్ళు పెద్దవయ్యాయి. "కాఫీ ఎవరు కలిపారు?"

"రోజూ ఆయనే."

గుమాస్తా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "మీరు నోరు విప్పారు. అది చాలు. ఇక మేం చూసుకుంటాం!"

మేడమీద మహిళా రక్షణ కమిటీకి ఒక గది ఉంది. కమిటీ రాతకోతలు చూసేది ఈ గుమాస్తాయే. దాని అధ్యక్షురాలు రసాయనశాస్త్రం ప్రొఫెసరు. కమిటీ వేసి మూడేళ్ళయినా ఒక్క ఫిర్యాదూ రాక ఆవిడ చాలా నొచ్చుకుని ఉంది. పది నిమిషాల్లో కారణం మేడమ్ ఆ గదిలో, మంచినీళ్ళ గ్లాసు ముందు ఉంది. భర్తను పక్కగదిలో కూర్చోబెట్టి గార్డును కాపలా పెట్టారు. మధ్య తలుపు తీసే ఉంది కాబట్టి అధ్యక్షురాలు ఆయన్ను అడిగేవన్నీ ఇటు వినబడుతున్నాయి.

"ఏం చేస్తుంటారు మీరు?"

"పళ్ళు పీకుతానండీ."

"మీ ఆవిడవి కూడానా?"

"ఒక్కసారే. నొప్పి తెలియకుండానే పీకాను."

"ఆవిడచేత బలవంతంగా ఏదైనా చేయించారా?"

ఆయన నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించాడు. "నోరు తెరిపించానండీ."

"వింటున్నారా ఎంత నింపాదిగా చెబుతున్నాడో!" అంటూ గుమాస్తా అంతా రాసుకుంది.

అధ్యక్షురాలు ఇటు వచ్చి కారణం మేడమ్ భుజం మీద చెయ్యి వేసింది. "భయపడకమ్మా. ఫిర్యాదు రాసివ్వు. విచారణ పూర్తయ్యేదాకా నీ దరఖాస్తు పక్కన పెడతాం. లేదూ, ఆ గీత నీ ఇష్టంతోనే కొట్టానంటావా, అదైనా రాసివ్వు."

"అలా రాయడానికి వీల్లేదండీ!"

"ఎవరు రాయనివ్వడం లేదు?"

"నా ఇరవై రెండేళ్ళ పని!"

"పనిభారం" అని గుమాస్తా ఒత్తిళ్ళ జాబితాలో చేర్చింది. నాన్న పేరుకు కింద, కాఫీకి పైన.

గడియారం పన్నెండుకు పావు తక్కువ చూపిస్తోంది. పక్కగదిలో గార్డు భర్త ఫోను తీసి బల్లమీద పెట్టించాడు. జేబులో ఏముందని అడిగాడు. భర్త జేబులోంచి పొడుగాటి స్టీలు కాడ ఉన్న పంటి అద్దం తీయగానే గార్డు రెండడుగులు వెనక్కి వేశాడు. అది చూసేసరికి కారణం మేడమ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బుద్ధుందా మీకు? ఇన్నేళ్ళ సంసారంలో గొంతెత్తి ఎరగని మనిషిని దొంగలా కూర్చోబెడతారా? ఈ గొడవకి బాధ్యులెవరో తేలాలి! తప్పు చేసినవాళ్ళు తలదించుకోవాలి!"

పక్కగదిలో భర్త తలెత్తి చూశాడు. భార్య నోట 'తప్పు' అన్న మాట వినడం ఆయనకు అదే మొదలు.

గుమాస్తాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "అన్యాయం అనిపిస్తే ఆగలేను మేడమ్. మా అమ్మా అంతే, మా అక్కా అంతే. మా ఇంట్లో అలా పెంచారు. అది నా చేతుల్లో ఉండదు."

"చేతుల్లో ఉండకపోవడమేమిటి! ఆగాలనుకుంటే ఆగొచ్చు!" అని అరిచింది కారణం మేడమ్.

అరిచాక ఆ మాట తన చెవినే పడింది. తర్వాత కూర్చుని, ఒక తెల్లకాగితం లాక్కుని, పళ్ళు కొరుకుతూ రెండు వాక్యాలు రాసింది: "ఆ ఐదు మాటలను నేనే, నా స్వేచ్ఛతో, ఎవరి ఒత్తిడీ లేకుండా కొట్టేశాను. దీనికి పూర్తి బాధ్యత నాదే." గుమాస్తా దాన్ని దరఖాస్తుకు జతచేసి, పన్నెండుకు రెండు నిమిషాలుండగా ముద్ర గుద్దింది.

వాషింగ్ మెషీన్ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. దారిలో భర్తే ఓదార్చబోయాడు. "పోనిద్దూ. ఎవరు చదువుతారు?"

"నా పుస్తకాలా?"

"ఆ కాగితం గురించే అన్నాను" అన్నాడాయన కంగారుగా.

నాలుగు నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ప్రొఫెసర్ పదవి ఖాయమైంది. దాంతోపాటు బయటినుంచి వచ్చిన నిపుణుల అభిప్రాయం కూడా జతచేశారు. "అభ్యర్థి రాసిన మూడు పుస్తకాలూ సాధారణ స్థాయిలో ఉన్నాయి. అయితే దరఖాస్తుతో సమర్పించిన ఒక పేజీ రచనలో తన జీవితకాల సిద్ధాంతాన్ని తానే రెండు వాక్యాల్లో ఖండించారు. ఇంతటి ధైర్యం మేమెక్కడా చూడలేదు. ఈ ఘనత పూర్తిగా ఆమెదే."

భర్త సంతోషం పట్టలేక ఆ చివరి వాక్యాన్ని పైకి చదివాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదన్నది మాత్రం ఇంకా తేలలేదు.