పొట్టివాళ్ళు ముందు

అందరూ లేచేలోగా వెళ్ళి వచ్చెయ్యాలి. ఆ ఉదయం ఆ అమ్మాయి వేసుకున్న పథకం ఇంతకు మించి లేదు. గెస్ట్‌హౌసు గేటు ఎదుట అడవిలోకి ఒక కాలిబాట ఉంది. దాని చివర జలపాతం ఉందని బోర్డు మీద రాసి ఉంది. అక్కడిదాకా నడిచి, మెడలోని విజిల్‌ని ఒకే ఒక్కసారి ఊది, ఫలహారాల గంట కొట్టేలోగా తిరిగి వచ్చి, ఏమీ ఎరగనట్టు అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోవాలి.

వృక్షశాస్త్రం చదివే పిల్లలు కొందరు లెక్చరరు గారి వెంట సముద్రం దాటి ఈ వేడి దేశానికి చెట్లను కొలవడానికి వచ్చారు. ఇక్కడ ఎండా వానా వంతులు వేసుకుని పని చేసేవి. ఆకులు చాటలంత ఉండేవి. ఉతికి ఆరేసిన బట్టలు ఆరేలోగా మళ్ళీ ఉతికినంత పని అయ్యేది. లెక్చరరు గారు మొదటి రోజే నిబంధన చెప్పేశారు. "ఒక్కరే గేటు దాటితే నేను తిట్టను, కొట్టను. ఇంటికి ఫోన్ చేస్తా. అంతే."

మిగతా పిల్లలకు ఇంటికి ఫోన్ వెళ్ళడమంటే నాలుగు చివాట్లు. ఆమెకు అలా కాదు. నాన్న లెక్కల మాస్టారు. కోప్పడే మనిషి కాదు. ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఇద్దరే. ఎయిర్‌పోర్టులో ఆయన అడిగింది ఒక్కటే: "ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళనని మాటివ్వమ్మా." ఇచ్చింది. ఇప్పుడు ఆ ఫోన్ వెళితే ఆయన కారణం కూడా అడగరు. "వచ్చెయ్యి తల్లీ" అంటారు. ఇక ఈ అడవీ ఉండదు, వచ్చే ఏడు వెళ్ళాల్సిన కొండలూ ఉండవు.

విజిల్ అమ్మది. నాన్న పనిచేసే స్కూల్లోనే అమ్మ డ్రిల్లు టీచరు. ఆమె ఒక్కసారి ఊదితే స్కూలంతా వరసలో నిలబడేది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఒకటి రెండు సార్లు హెడ్మాస్టరు గారు కూడా పొరపాటున వరసలో నిలబడి, తర్వాత గుర్తొచ్చి పక్కకు తప్పుకున్నారు. పోయిన వానాకాలం నుంచి ఆ విజిల్ గుమ్మం పక్క మేకుకు వేలాడుతూ ఉంది. ప్రయాణం రోజు నాన్నే దాన్ని తీసి, తుడిచి, కూతురి బ్యాగులో పెట్టారు. "అడవి కదా, పనికొస్తుంది" అన్నారు.

దాన్ని ఊదితే తన మొహం ఎలా అవుతుందో ఆ అమ్మాయికి తెలియదు. అందుకే ఎవరూ లేని చోటు కావలసివచ్చింది. పైగా క్లాసులో ఆమెకు "మూగనోము" అని పేరు. గొంతే లేవని పిల్ల విజిల్ ఊదితే చూడటానికి అందరూ టిక్కెట్టు కొనుక్కుని వస్తారు.

వరండాలోకి వచ్చేసరికి సన్నగా తుంపర మొదలైంది. ఆమె రెయిన్‌కోటు నిన్ననే ముళ్ళకు చిక్కి చిరిగిపోయింది. గోడకున్న కొక్కేనికి నారింజ రంగు కోటు ఒకటి వేలాడుతోంది.

"ఇది ఎవరిదండీ?" అని క్లాసు వెంట వచ్చిన వంటావిడను అడిగింది.

"ఎవరిదో. రాత్రి ఎవరో వదిలేసి పోయారు. వేసుకెళ్ళమ్మా, కోటు అరిగిపోతుందా ఏంటి?"

వేసుకుంది. బొత్తాలు సరిగా పడ్డాయో లేదో చూసుకుంది. ఎవరైనా ముందు భాగమే చూసుకుంటారు గాని వీపు చూసుకోరు. ఆ కోటు వీపు మీద బారెడు అక్షరాలతో "నా వెనకే రండి" అని అచ్చువేసి ఉంది.

గేటు బయట చెట్టు కింద పక్క బంగళాలో దిగిన తెలుగు యాత్రికుల గుంపు నిలబడి ఉంది. ఎక్కువమంది ఉద్యోగాలు విరమించి, కొత్త బూట్లు కొనుక్కుని, లోకం చూడటానికి బయల్దేరినవాళ్ళు. వాళ్ళ టూరు మేనేజరు రాత్రే చెప్పాడు: "తెల్లారగానే గైడు వస్తాడు. నారింజ కోటు. వెనకబడొద్దు, అడవి." ఆమె వాళ్ళను చూసి, తెలియనివాళ్ళను చూసి నవ్వినట్టు చిన్నగా నవ్వి, ముందుకు సాగిపోయింది. వాళ్ళూ సాగారు.

కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్ళు కాబోలనుకుంది. దారి వదులుదామని ఆగింది. అందరూ ఆగారు. వేగం పెంచింది. వెనక బూట్లు టకటకలాడాయి. కాలి మీద ఏదో చల్లగా తగిలి వంగి చూసింది. వెనక గుంపంతా వంగింది.

"ఏం దొరికింది మేడమ్?" అని ముందు వరసలోంచి రిటైర్డు బ్యాంకు మేనేజరు అడిగాడు.

"జలగండీ."

"జలగట!" అని ఆయన వెనక్కి చెప్పాడు. "జలగట, జలగట" అంటూ ఆ మాట గుంపు తోక దాకా పాకింది. ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన జలగ పక్కన తన వేలు పెట్టి కొలత కోసం మరో ఫొటో తీయించుకున్నాడు.

గుంపులో పూల గొడుగు పట్టుకున్న పెద్దావిడ ఒకరు ముందుకు వచ్చి, "అమ్మాయ్, ఈ చెట్టేమిటి, వేళ్ళు గోడల్లా లేచాయి?" అని అడిగింది.

అప్పుడే "నాకు తెలీదండీ" అని ఉంటే కథ అక్కడితో ఆగేది. కాని ఆమెకు తెలుసు. నిన్నంతా ఆ జాతి చెట్లనే కొలిచారు. మట్టి పలచన కాబట్టి లోతుకు పోలేక చెట్టు అలా పక్కలకు కాళ్ళు చాపుకుంటుందని చెప్పింది. శాస్త్రీయ నామం కూడా చెప్పింది. చప్పట్లు మోగాయి. ఆమె జీవితంలో అవే మొదటి చప్పట్లు. చెవులు వేడెక్కాయి. వెంటనే భయం వేసింది.

"అయ్యో, నేను గైడుని కాదండీ. స్టూడెంటుని."

బ్యాంకు మేనేజరు చెయ్యి ఎత్తి అందరినీ నిశ్శబ్దం చేశాడు. "విన్నారా? ఇంత తెలిసి కూడా ఇంకా స్టూడెంటునే అంటోంది. చచ్చేదాకా మనమందరం స్టూడెంట్లమే!" మళ్ళీ చప్పట్లు.

"అది కాదండీ, నేను నిజంగానే..."

"అర్థమైంది మేడమ్, అర్థమైంది. పదండి."

దారి రెండుగా చీలిన చోట ఆమెకు ఒక ఉపాయం తట్టింది. వెడల్పాటి దారి జలపాతానికి వెళుతుంది. తను ఇరుకు దారి పడితే కొత్త బూట్లవాళ్ళు వెడల్పు దారినే వెళతారు, పీడ వదులుతుంది. ఇరుకు దారి పట్టింది. ఒక చిన్న వాగును రాళ్ళ మీదుగా గెంతి దాటింది. వెనక్కి తిరిగి చూస్తే గొడుగావిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గెంతుతోంది.

"మా కోసం అసలైన దారి తీసుకొచ్చావు కదూ!" అంది ఆవిడ సంబరంగా.

గుంపు చివర, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న ఒక లావుపాటి మనిషి, నలుగురి సంచులు మోస్తూ, నోరు మెదపకుండా నడుస్తున్నాడు. అతను ఆమెతో వచ్చాడని గుంపు అనుకుంది. గుంపుతో వచ్చాడని ఆమె అనుకుంది.

అప్పుడు అసలు వాన వచ్చింది. కుండపోత అనే మాట ఆ వానకు చాలదు. చూస్తూండగానే వెనక వాగు ఎర్రగా మారి, దాటి వచ్చిన రాళ్ళు మునిగిపోయాయి. ముందు దారి ఆకుల కింద మాయమైంది. వెనక్కి పోవడానికి లేదు. ముందుకు ఎటో తెలియదు.

"ఎటు మేడమ్?" అన్నారందరూ.

ఈసారి ఆమె నిజం చెప్పింది. "నాకు తెలీదు."

ఈసారి మాత్రం నమ్మారు. ఒకరు కుడి అన్నారు, ఒకరు ఎడమ అన్నారు. గొడుగావిడ కాలు జారి బురదలో కూలబడి, లేవబోయి మళ్ళీ కూలబడింది. ఆవిడను పట్టుకోబోయిన ఇద్దరూ ఆవిడ పక్కనే కూర్చున్నారు. "మీరంతా ఇక్కడే ఉండండి, నేను చూసొస్తా" అంటూ బ్యాంకు మేనేజరు వెదురు పొదల్లోకి దూరాడు. రెండు అంగల్లో కనిపించకుండా పోయాడు. కాసేపటికి ఆయన గొంతు ఒక పక్క నుంచి, ఆ తర్వాత ఇంకో పక్క నుంచి వినిపించింది. అటు వైపు వాగు మోత. ఆయన ఆ మోత వైపే వెళుతున్నాడు.

ఆమె ఆలోచించలేదు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది.

అడవి ఒక్క క్షణం ఆగినట్టయింది. గొణుగుళ్ళు ఆగాయి. పొదలు కదిలి, తల నిండా ఆకులతో మేనేజరు బయటికి వచ్చి నిటారుగా నిలబడ్డాడు. ఎన్నేళ్ళు గడిచినా ఆ చప్పుడుకు ఎలా నిలబడాలో ఒంటికి గుర్తుంటుంది.

"మాటలొద్దు!" అందామె. ఆ గొంతు ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. "వరసలోకి రండి. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. గొడుగు ముయ్యండి, పిన్నిగారూ. లెక్క చెప్పండి!"

"నేను మధ్యస్థం మేడమ్, ఎక్కడ నిలబడను?" అని మేనేజరు అడిగాడు.

"మధ్యలో. మాట్లాడకుండా."

ఒకటి, రెండు అంటూ లెక్క సాగి, చివర లావుపాటి మనిషి దగ్గర ముప్పై ఒకటి అని ఆగింది.

"మేం ముప్పై మందిమే కదా! ఒకరు ఎక్కువొచ్చారు" అన్నాడు మేనేజరు.

"తక్కువ రాలేదు కదండీ. పదండి."

లెక్క వినగానే ఆమెకు తమ చెట్లు గుర్తొచ్చాయి. మొన్నటి నుంచి ఈ వాలులోనే కదా క్లాసంతా ఒక్కో చెట్టుకూ నంబరు బిళ్ళ కట్టుకుంటూ వచ్చింది. ఒకటో నంబరు గెస్ట్‌హౌసు వెనక కంచె పక్కన ఉంది. కళ్ళ మీద నీళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. వాగుకు ఎగువన ఒక మాను మీద రేకు బిళ్ళ తళుక్కుమంది. దగ్గరికి పోయి నంబరు చూసింది. దానికి ముందు నంబరు ఎక్కడుందో వెతికింది. కనిపించింది. ఇక వాగు పుట్టే చోటుకు పైగా చుట్టి, గట్టు మీదుగా ఒక్కో చెట్టూ తన వెనకటి చెట్టును చూపిస్తూ పోయింది.

"అమ్మాయ్, ఈ చెట్లకి నంబర్లెందుకు?" అని గొడుగావిడ చెయ్యి వదలకుండానే అడిగింది.

"హాజరు తీసుకోవడానికి."

ఆవిడ తృప్తిగా తలూపింది. నడుస్తూ నడుస్తూ ఉండగా ఆ అమ్మాయికి అప్పుడు తట్టింది, విజిల్ ఊదేశానని. మొహానికి ఏమీ కాలేదు. అయినా ఆ వానలో ఎవరి మొహం మీద ఏముందో ఎవరికీ తెలిసే వీలు లేదు.

కంచె దాటేసరికి వాన వెలిసింది. గెస్ట్‌హౌసు పెరట్లో క్లాసంతా గుమిగూడి ఉంది. పక్కనే టూరు మేనేజరు తల పట్టుకుని కూర్చున్నాడు. లెక్చరరు గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నారు. అవతల ఎవరో ఆమెకు ఆయన మాటల్లోనే తెలిసిపోయింది.

"అవును మాస్టారూ, ఒంటరిగానే. చెప్పి చెప్పి అలిసిపోయాం. పొద్దున్నే ఒక్కతీ అడవిలోకి..."

వాక్యం అక్కడ ఆగిపోయింది. చెట్ల మధ్య నుంచి పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక, చేతులు పట్టుకుని, ఆకులూ బురదా పూసుకున్న ముప్పై ఒక్క మంది పెద్దవాళ్ళు ఒకే వరసలో దిగివస్తున్నారు. అందరి ముందూ మూగనోము. పెరటి మధ్యకు వచ్చి ఆమె చెయ్యి ఎత్తింది. వరస ఆగింది.

"లెక్క చెప్పండి!"

చెప్పారు. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. చివర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు పిల్లలు తెలియకుండానే ఎత్తు ప్రకారం సర్దుకున్నారు.

బ్యాంకు మేనేజరు టూరు మేనేజరును పట్టుకుని ఊపేశాడు. "ఇలాంటి గైడుని జన్మలో చూడలేదయ్యా! ఈ అమ్మాయికి ప్రమోషన్ ఇవ్వాలి!"

"ఈ అమ్మాయి ఎవరండీ? మా గైడు లావుగా ఉంటాడు" అన్నాడు అతను అయోమయంగా.

వరస చివర నుంచి లావుపాటి మనిషి నలుగురి సంచులూ కింద పెట్టి, చేతులు కట్టుకుని ఆమె ముందుకు వచ్చాడు. "మేడమ్, నేను పాసయ్యానా?"

"దేనికండీ?"

"నిన్ననే ఉద్యోగంలో చేరాను. రాత్రి వానకు ఈ వరండాలో ఆగి, కోటు మరిచిపోయి వెళ్ళాను. పొద్దున వచ్చేసరికి కొక్కేనికి నా కోటు లేదు. చూస్తే మీ ఒంటి మీద ఉంది. నన్ను పరీక్షించడానికి కంపెనీ పెద్ద గైడుని పంపిందనుకున్నా. అందుకే నోరెత్తకుండా మీ వెనకే వచ్చాను. మీ వీపు మీద కూడా అదే ఉంది కదా!"

ఆమె కోటు విప్పి, తిప్పి, మొదటిసారి వీపు చదువుకుంది.

లెక్చరరు గారు ఫోన్ ఆమె చేతికి ఇచ్చారు. ఆమె గొంతు మళ్ళీ పాత గొంతు అయిపోయింది.

"నాన్నా..."

"ఒంటరిగా వెళ్ళావట?"

పక్కనే ఉన్న గొడుగావిడ ఫోన్ లాక్కుంది. "ఒంటరేమిటండీ, మేమంతా ఉన్నాం కదా! మీ అమ్మాయి నన్ను గొడుగు మూయమని గదమాయించింది తెలుసా? మా ఆయన కూడా ఎప్పుడూ అంత ధైర్యం చెయ్యలేదు. బంగారం లాంటి పిల్ల. ఇదిగో, మాట్లాడండి."

ఫోన్ మళ్ళీ ఆమె చేతికి వచ్చింది.

"విజిల్ ఊదావా?"

"ఊదాను నాన్నా."

"నిలబడ్డారా?"

"మొదటిసారికే. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక."

ఆయన గొంతు సవరించుకున్నారు. "స్కూలు గ్రూపు ఫొటోలో మీ అమ్మ నన్నూ ముందే నిలబెట్టింది. హెడ్మాస్టరు కంటే ముందు." ఆయన నవ్వారో లేదో ఫోన్‌లో తెలియలేదు. "ఇచ్చిన మాట తప్పలేదులే. ముప్పై ఒక్క మందిని వెంట పెట్టుకుని వెళ్ళినదాన్ని ఒంటరి అని ఏ లెక్కలోనూ అనలేం. నీ చదువు పూర్తిచేసుకునే రా."

మర్నాటి నుంచి లెక్చరరు గారి నిబంధనలో చిన్న సవరణ జరిగింది: ఆ అమ్మాయి వెంట లేకుండా లెక్చరరు గారితో సహా ఎవరూ గేటు దాటకూడదు.