రెండు లైసెన్సుల ఆఫీసు

ఆ ఆదివారానికి స్వప్నిక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే మొయినాబాద్ ఆఫీసు తెరవాలి. మోకిల వెంచరు పటంలో ఒక రోడ్డును కాస్త పక్కకు జరపాలి. ప్రింటు తీసి పంపించేసి, మధ్యాహ్నానికి ఇంటికెళ్లి తలస్నానం చేసి పడుకోవాలి. ఆ వారమంతా ఆమె దేవుణ్ని అడిగింది ఆ నిద్ర ఒక్కటే.

రోడ్డును జరపడానికి కారణం బోరు. వెంచరు నర్సింహారెడ్డిది, బోరు ఆయన తమ్ముడిది, పటంలో రోడ్డు సరిగ్గా ఆ బోరు మీదుగా పోతోంది. నర్సింహారెడ్డి పదవి ఏనాడో పోయినా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన ఇప్పటికీ సర్పంచ్ సాబే. సాయంత్రం గచ్చిబౌలి నుంచి ఒక బస్సు నిండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ప్లాట్లు చూడటానికి మోకిల వస్తున్నారు. వాళ్ల ముందు ఈ పటం వేలాడితే, తమ్ముడు అక్కడే అన్న గల్లా పట్టుకుంటాడు. ఆ రోజుల్లో నగరంలో జీతం పెరిగిన ప్రతివాడూ మోకిల వైపు చూస్తున్నాడు. మోకిలలో పొలం ఉన్న ప్రతివాడూ పటం గీసేవాళ్ల వైపు చూస్తున్నాడు.

ఆ గీసేవాళ్ల యజమాని లక్ష్మీనర్సయ్య సేటు. చేవెళ్లలో తాతల నాటి ఎరువుల దుకాణం ఆయనది, ఇల్లు దాని వెనకే. ఎరువుల కంటే ప్లాట్లు తొందరగా మొలుస్తున్నాయని గ్రహించి, దుకాణం మీది గదిలో కంప్యూటర్లు పెట్టాడు. సేటు తాళాల మనిషి. దుకాణంలో మంచినీళ్ల గ్లాసుకు కూడా గొలుసు ఉంటుంది. అలాంటి మనిషిని వెంటపడి ఒప్పించి మొయినాబాద్‌లో బ్రాంచి పెట్టించింది స్వప్నిక. పట్నం నుంచి వచ్చేవాళ్లు ముందు అక్కడే ఆగుతారని ఆమె లెక్క. లెక్క తప్పలేదు గానీ, కిరాయి కట్టిన ప్రతిసారీ సేటు ఆ బ్రాంచి మూసేస్తానంటూనే ఉన్నాడు. మూస్తే ఆమె చేవెళ్ల వెళ్లి సేటు మేనల్లుడు విక్రమ్ కింద పనిచేయాలి. విక్రమ్ కింద పనిచేయడం కంటే బోరులో దూకడం మేలని స్వప్నిక అభిప్రాయం.

కంప్యూటర్ తెరిచింది. గీసే సాఫ్ట్‌వేర్ మీద నొక్కింది. లైసెన్సు సర్వర్ దొరకడం లేదని తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది.

ఇందులో ఆమెకు కొత్తేమీ కనబడలేదు. సేటు కొన్న లైసెన్సులు రెండే. అవి చేవెళ్ల గదిలో సర్వర్ అనే కంప్యూటర్‌లో ఉంటాయి. ఏ ఊళ్లో ఎవరు గీయాలన్నా ఫోన్ లైను మీదుగా అక్కడి నుంచి ఒకటి తీసుకోవాలి, పని కాగానే వదిలిపెట్టాలి. పక్కింటి నిచ్చెనను వాడుకున్నట్టే. చేవెళ్లలో ఉన్న రెండు కంప్యూటర్లలోనూ విక్రమ్ సాఫ్ట్‌వేర్ తెరిచిపెట్టి చాయ్ తాగడానికి పోతుంటాడు. అందుకని రోజూ పొద్దున ఆ రెండు ఆఫీసుల మధ్య నడిచే మొదటి మాట నమస్తే కాదు.

"విక్రమ్, వదులు."

"ఏం వదలాలె? నేనేం పట్టుకోలే. నాకు గూడ వస్తలేదు. నువ్వే రెండూ పట్టుకున్నవ్, నువ్వు వదులు."

"నా దగ్గరున్నది ఒక్కటే కంప్యూటర్. రెండెట్ల పట్టుకుంట?"

"ఏమో! నిన్న సాయంత్రం నుంచే వస్తలేదు. బ్రాంచి నడుస్తున్నదని మామకు చూపించనీకె నువ్వు ఏదో చేసినవ్."

నిన్న సాయంత్రమంటే, సేటు తన భార్య శారదాదేవితో కలిసి షాబాద్‌లో బంధువుల పెళ్లికి బయలుదేరిన సమయం. ఆ రెండింటినీ కలిపి చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. పోట్లాటలో ఉన్నవాళ్లకు ఎదుటివాడి తప్పు తప్ప ఇంకేమీ కనబడదు కదా.

"సర్వర్ నడుస్తున్నదా, జర చూడు" అంది స్వప్నిక.

"లైట్లు వెలుగుతున్నయి."

"లైసెన్సు ప్రోగ్రాం ఆపి మళ్ల మొదలుపెట్టు. ఏమన్న చెప్తదేమో చూడు."

అవతల కీబోర్డు టకటకలాడింది. "ఏదో దొరకలేదంటున్నది."

"ఏం దొరకలేదంట?"

"ఇంగ్లిష్‌ల పొడుగ్గ వచ్చింది. మూసేసిన."

స్వప్నిక ఫోన్‌ను బల్ల మీద పెట్టి తల పట్టుకుంది. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల సాయం నంబరుకు చేస్తే చాలాసేపు సంగీతం వినిపించింది. తర్వాత ఒక మనిషి వచ్చి, సర్వర్ వేసి ఉందా, వైరు గుచ్చి ఉందా అని అడిగి, బహుశా రెండు ఊళ్ల మధ్య లైనులో లోపం కావచ్చని చెప్పి, ఈ సేవ ఆమెకు తృప్తి కలిగించిందా అని కూడా అడిగాడు. ఏడుపు ఆపుకొని కలిగించిందనే చెప్పింది. ఇంకేదన్నా చెబితే మళ్లీ సంగీతం పెడతాడేమోనని భయం.

లైను అన్నాక టెలిఫోన్ లైన్‌మన్ మల్లప్పను పిలవక తప్పలేదు. మల్లప్ప స్తంభం ఎక్కాడు. పాత జాయింటు ఒకటి వదులుగా ఉందన్నాడు, విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఆ తర్వాత ఆఫీసులో లైసెన్సే కాదు, ఇంటర్నెట్టూ పోయింది, ఫోనూ మూగబోయింది. పక్కనున్న మందుల దుకాణం వాళ్లు కూడా బయటికొచ్చి స్తంభం వైపు చూడసాగారు.

"ఇగ పక్కా తెలిసిపోయింది అక్కా" అన్నాడు మల్లప్ప దిగుతూ, ఎంతో తృప్తిగా. "తప్పు లైన్లనే ఉన్నది."

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే స్వప్నిక సెల్‌ఫోన్‌కు సేటు కాల్ వచ్చింది. వెనకాల బ్యాండు మోగుతోంది. విక్రమ్ అప్పటికే తన వైపు కథ చెప్పేసినట్టున్నాడు.

"స్వప్నికా, లైసెన్సులు పట్టుకొని కూసున్నవంట! సర్పంచ్ సాబ్ ఈడనే ఉన్నడు, పటమేదని అడుగుతున్నడు. నేనేం చెప్పాలె?"

"సేటూ, నేను పట్టుకోలే. సర్వరే దొరుకుతలేదు..."

"ఎట్ల దొరకది? మనింట్లనే ఉన్నది గద! సాయంత్రంకల్ల పటం మోకిలకు చేరలేదనుకో, రేపట్నుంచి ఆ బ్రాంచికి తాళమే. కిరాయన్న మిగుల్తది."

తాళం అన్న మాట ఆయన నోట ఎంత ఇష్టంగా పలికిందో విన్నాక, స్వప్నికకు బతుకు మీద ఆశ పోయింది. ఇక తనే వెళ్లి చూడాలి. షట్టరు దించి తాళం వేసి చేవెళ్ల బస్సెక్కింది. ఆదివారం బస్సు, కూరగాయల గంపల మధ్య ఒంటికాలి మీద ప్రయాణం. సగం దారిలో ఎదురుగా పట్నం వైపు పోతున్న బస్సు పక్కనుంచి దూసుకెళ్లింది. దాని కిటికీలోంచి తెలిసిన మొహమొకటి కనబడినట్టే అనిపించింది గానీ, అంత దురదృష్టం తనకు ఉండదనుకుని పట్టించుకోలేదు.

అంత దురదృష్టమూ ఉంది. స్వప్నిక రెండు లైసెన్సులూ పట్టుకొని ఆఫీసు ఫోన్ కూడా చచ్చిపోయినట్టు నటిస్తోందని విక్రమ్ తీర్మానించుకున్నాడు. ఆమెను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని చేవెళ్ల ఆఫీసుకు తాళం వేసి మొయినాబాద్ బస్సెక్కాడు. ఆమె చేవెళ్ల గది తలుపు ముందు నిలబడి తాళాన్ని చూస్తున్న వేళకు, అతను మొయినాబాద్ షట్టరు ముందు నిలబడి తాళాన్ని చూస్తున్నాడు.

"యాడున్నవ్?" అని ఇద్దరూ ఒకేసారి సెల్‌ఫోన్లో అరిచారు.

"మీ ఆఫీసు ముందట."

"నేను మీ ఆఫీసు ముందట!"

"తాళంచెవి?"

"నా జేబుల ఉన్నది" అన్నాడు విక్రమ్. కొంచెం ఆగి, "ఈడ స్తంభం మీద ఎవరో మనిషున్నడు. వైర్లన్ని కిందేసిండు" అన్నాడు.

స్వప్నిక మెట్ల మీద కూర్చుండిపోయింది. కింద ఎరువుల దుకాణం మూసి ఉంది. మూసిన దుకాణం నుంచి కూడా యూరియా వాసన వస్తోంది. ఆదివారం బస్సులు తక్కువ, విక్రమ్ ఒకటి పట్టుకొని తిరిగి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ వాళ్ల బస్సు మోకిల చేరిపోతుంది. ఈ గదికి రెండో తాళంచెవి సేటు దగ్గరుంది, సేటు షాబాద్‌లో ఉన్నాడు. ఏడవడానికి కూడా టైము లేదు. కళ్లు తుడుచుకొని ఆటో మాట్లాడుకుంది.

షాబాద్ చేరేసరికి పెళ్లి భోజనాలు జోరుగా నడుస్తున్నాయి. సేటు, నర్సింహారెడ్డి పక్కపక్కనే కూర్చొని తింటున్నారు. సేటుకు అటువైపు శారదాదేవి కూర్చుంది. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో స్వప్నిక వెళ్లి వాళ్ల వెనక నిలబడింది. సేటు ఆమెను చూడలేదు. సర్పంచ్ సాబ్‌కు ధైర్యం చెప్పే పనిలో మునిగిపోయి ఉన్నాడు.

"మీ పని గురించి జర గూడ ఫికర్ జేయకుండ్రి సర్పంచ్ సాబ్. మేం ఊరు దాటితే విలువైన సామాన్ బయట ఉంచం. మా తాత నుంచి అదే పద్ధతి. మొన్న కంపెనీ పిలగాడు వచ్చినప్పుడు అడిగిన, ఇన్ని లక్షలు పెట్టినం గద, ఆ విలువ యాడున్నది అని. సర్వర్ వెనకాల గుచ్చిన బొటనవేలంత ముక్క చూపించిండు. డాంగిల్ అంటరంట. మొత్తం దాంట్లనే ఉన్నది, మిగతాది ఉత్త డబ్బా అన్నడు. డబ్బా ఎవడెత్తుకపోతడు? ముక్క పీకి, ఇనప్పెట్టెల పెట్టి వచ్చిన."

స్వప్నిక ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూలబడింది. వడ్డించే మనిషి ఆగకుండా బూందీ వేసి వెళ్లాడు.

"సేటూ" అంది చివరికి, "ఆ ముక్క లేకుంటే లైసెన్సే రాదు."

"ఆ సంగతి నాకు తెల్వదా? అందుకే గద దాచింది! అది అట్లనే ఉంటే ఎవరో ఒకరు వాడుకుంటరు."

"ఎవరో కాదు సేటూ, మేమే!"

నర్సింహారెడ్డి చేతిలోని ముద్ద విస్తట్లోకి దిగింది. "అయితే నా పటం?"

"ఇనప్పెట్టెల ఉన్నది" అంది శారదాదేవి. ఆమె చేయి అప్పటికే నడుముకున్న తాళంచెవుల గుత్తి మీదికి పోయింది.

అందరూ చేతులు కడుక్కున్నారో లేదో, సర్పంచ్ సాబ్ జీపు చేవెళ్ల దారి పట్టింది. ఇంటికి రాగానే శారదాదేవి ఇనప్పెట్టె తెరిచింది. వెండి కంచాలకూ పట్టుచీరలకూ మధ్య, పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ బొట్టు పెట్టి, డాంగిల్ హాయిగా పడుకొని ఉంది. ఆ రోజు ఆ ఆఫీసులో కంటినిండా నిద్రపోయింది అదొక్కటే. స్వప్నిక దాని మూతికి అంటిన కుంకుమను ఊది, సేటు దగ్గరి తాళంచెవితో మీది గది తెరిచి, సర్వర్ వెనకాల గుచ్చింది. లైసెన్సు రెప్పపాటులో వచ్చింది.

రోడ్డు జరిగింది, బోరు బతికింది, ప్రింటు వచ్చింది. జీపు మోకిల చేరేసరికి సాఫ్ట్‌వేర్ వాళ్లు షామియానా కింద మిర్చి బజ్జీలు తింటున్నారు. పటాన్ని ముందుగా చూసింది తమ్ముడే. చాలాసేపు చూసి, తనూ ఒక బజ్జీ తీసుకున్నాడు.

చీకటిపడే వేళకు జీపు మళ్లీ చేవెళ్ల వచ్చింది. మొయినాబాద్ నుంచి నిలబడే వచ్చిన విక్రమ్ కూడా అప్పుడే దిగాడు. సేటు దుకాణం గల్లా దగ్గర కూర్చొని తీర్పు చెప్పాడు.

"రెండు దిక్కుల ఆఫీసులు ఉన్నందుకే గిదంత అయ్యింది. ఇయ్యాళ తేల్చుకున్న. ఒకటి మూసేస్త."

స్వప్నిక కళ్లు నేల మీదే ఉన్నాయి. రోజంతా బస్సులో, ఆటోలో, జీపులో తిరిగి కాపాడుకున్నది ఇలా ఒక్క మాటతో పోతుందని ఆమెకు మొదటి నుంచీ తెలుసు. విక్రమ్ ఆమె కోసం కుర్చీ ఎక్కడ వేయించాలా అని మీది గది వైపు కొలుస్తున్నట్టు చూశాడు.

"మూస్తే ఈ మీది గదే మూయి" అంది శారదాదేవి.

"ఏందీ?"

"ఇనప్పెట్టె ఉన్న ఇంట్ల ఆ కంప్యూటర్ ఉంటే నీ చెయ్యి ఊకుంటదా? రేపో మాపో తిరుపతికి పోతం, ఆ తర్వాత ఇంకో పెండ్లి. ప్రతిసారి గిట్లనే అయితది. ఆ సర్వర్‌ను పిల్ల దగ్గరికి పంపు. విక్రమ్ గూడ ఆడికే పోయి గీస్తడు."

"నా తర్వాతి వెంచర్ గూడ మొయినాబాద్‌లనే గీయాలె" అన్నాడు నర్సింహారెడ్డి లేస్తూ. "లేకుంటే వేరేటోళ్లకు ఇస్త. ఇగ చూస్కో సేటూ."

సేటు భార్య వైపు చూశాడు, సర్పంచ్ వైపు చూశాడు, తాళాల గుత్తి వైపు కూడా చూశాడు. ఎక్కడా దిక్కు కనబడక సరేనన్నాడు. ఆ రాత్రి స్వప్నిక తలస్నానం కూడా చేయకుండా, దుమ్ము తలతోనే పడుకొని, వారం నిద్ర ఒక్కసారే పోయింది. విక్రమ్ తన కింద పనిచేస్తున్నట్టు కల కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో సర్వర్ మొయినాబాద్ చేరింది. మల్లప్ప వైర్లన్నీ మళ్లీ స్తంభానికి ఎక్కించి పెట్టాడు. స్వప్నిక స్వయంగా గుడ్డతో బల్ల తుడిచి, సర్వర్‌ను తూర్పు వైపు పెట్టించి, వైరు గుచ్చుదామని దాని వెనక వైపుకు వంగింది. డాంగిల్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

వెంటనే సేటుకు ఫోన్ చేసింది.

"ఫికర్ చేయకు" అన్నాడు సేటు నింపాదిగా. "దార్ల యాడనన్న పడిపోతదని భద్రంగ పెట్టిన. వెనకాలే వస్తున్నది."

వెనకాలే ఇంకో ట్రాలీ వచ్చి ఆగింది. నలుగురు మనుషులు మూలుగుతూ ఇనప్పెట్టెను దించారు. దాని తాళంచెవి మాత్రం చేవెళ్లలోనే, శారదాదేవి నడుముకు ఉంది.