కొత్త కంప్యూటర్‌లోకి ఆగయ్య

శుక్రవారం ముంబై పక్కనున్న భివండిలో మరమగ్గాలకు సెలవు. అందుకే రమేశ్ కంప్యూటర్ మార్చే పనికి ఆ రోజే ముహూర్తం పెట్టుకున్నాడు. పాత కంప్యూటర్ మీట నొక్కి, గల్లీ హోటల్‌కు వెళ్లి చాయ్ తాగి వచ్చాక గానీ తెర వెలగడం లేదు. అతని తండ్రి ఆగయ్య ఇరవై ఏళ్లుగా గీసిన చీర అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆగయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడా పెట్టె కూడా పోతే, టెంఘర్‌లో వాళ్ల షెడ్డులో ఉన్న పన్నెండు మగ్గాలకు నేయడానికి అంచంటూ మిగలదు.

పది గంటలకు సిద్ధార్థ కొత్త పెట్టెతో దిగాడు. దారాల బజారులో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. తెలుగు రాదు.

"సాఫ్ట్‌వేర్ కా సీడీ హై క్యా?" అని అడిగాడు.

సీడీ లేదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన భీమ్‌రావు దుకాణం మూసి ఎటో వెళ్లిపోయాడు. చేసేదిలేక సిద్ధార్థ పాత పెట్టెలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పాత సాఫ్ట్‌వేర్ ముందు చేరి, కొత్త తెర మీద తెరుచుకుంది. డిజైన్లు ఇంకా రావాలి. మధ్యాహ్నం రెండు గంటల దాకా ఎవరూ స్విచ్ ముట్టుకోవద్దని, ముట్టుకుంటే రెండు చోట్లా ఏమీ మిగలదని గట్టిగా చెప్పాడు.

పన్నెండు మగ్గాలూ ఆగిన షెడ్డు ఎలా ఉంటుందో భివండిలో బతికినవాళ్లకే తెలుసు. చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది. సరిగ్గా పదకొండింటికి ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఆ వెంటనే గొంతు వినిపించింది.

"కనకవ్వా, గోలి ఏసుకున్నవా?"

రమేశ్ చేతిలోని గ్లాసు వంగి చాయ్ చొక్కా మీద పడింది. అది ఆగయ్య గొంతే. గొంతు వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు కూడా ఉంది. రమేశ్ కూతురు సాక్షి గది తలుపులోంచి పక్కనున్న షెడ్డులోకి తొంగి చూసింది. ఒక్క మగ్గమూ కదలడం లేదు.

లోపలి నుంచి ఎవరో పెద్దాయన అరుస్తున్నాడనుకొని సిద్ధార్థ పని చేసుకుంటూనే, "బాబా కో ఇధర్ హీ బులావ్ నా, అందర్ సే క్యూఁ చిల్లా రహే హైఁ?" అన్నాడు.

సాక్షి గోడ మీద దండ వేసిన ఫోటోను చూపించింది. సిద్ధార్థ ఫోటోను చూశాడు, గొంతు వచ్చిన కంప్యూటర్‌ను చూశాడు. స్క్రూడ్రైవర్ల సంచీ అక్కడే వదిలి బైకెక్కాడు.

"పప్పా, స్విచ్ బంద్ కరో!" అంది సాక్షి.

"బంద్ జేస్తే డిజైన్లు పోతయ్ బిడ్డా."

"మరి తాత?"

పక్కనే పీట మీద కూర్చున్న రమేశ్ తల్లి కనకవ్వ కొంగు ముడి విప్పి, మాత్ర తీసి నీళ్లతో మింగింది.

పదకొండున్నరకు గొంతు మళ్లీ లేచింది. "ఓంప్రకాశ్, మళ్ల పండినవా? లే!"

ఓంప్రకాశ్ పదిహేనేళ్లుగా అక్కడ మగ్గం నడుపుతున్నాడు. సెలవు కదా అని నాలుగో నంబరు మగ్గం పక్కన గోనె పరుచుకొని నిజంగానే నిద్రపోతున్నాడు. యజమాని గొంతుకు అలవాటుగా లేచి, "లేసిన సేట్, లేసిన" అని కండెల బుట్ట కూడా ఎత్తుకున్నాడు. ఆ యజమానిని తానే భుజాన మోసి సాగనంపిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బుట్ట జారిపోయింది. చెప్పులు లేకుండా గల్లీలోకి పరుగెత్తాడు.

పన్నెండు కొట్టకముందే గేటు దగ్గర నలభై మంది చేరారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పక్క షెడ్డు అంకుశం ధైర్యం చేసి కిటికీలోంచి, "మామా, మా తమ్మునికి పిల్ల ఎప్పుడు దొరుకుతది?" అని అడిగాడు. కంప్యూటర్ పలకలేదు. లోపలున్నది ఆగయ్యేనని దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. బతికి ఉన్నప్పుడు కూడా ఆయన పనికిరాని ప్రశ్నకు జవాబిచ్చేవాడు కాదు.

పన్నెండయింది. దగ్గు. మగ్గం చప్పుడు.

"రమేశా, కాల్హేర్ గోదాంల పెట్టినవ్ గద... ఇంకెప్పుడు తెస్తవ్?"

రమేశ్ గోడ పట్టుకొని నేల మీద కూలబడ్డాడు. కనకవ్వ కొడుకు ముఖంలోకి చూసింది.

"నాయిన అడుగుతుండు. చెప్పు బిడ్డా, ఏం పెట్టినవ్?"

"అవ్వా..." రమేశ్ ఏడ్చేశాడు. "నాయిననే పెట్టిన!"

ధర్మపురి పోయి అస్థికలు గోదావరిలో కలిపి వచ్చానని ఎనిమిది నెలల కిందట అతను చెప్పింది అబద్ధం. కల్యాణ్ స్టేషన్‌కు చేరేసరికి, తమ గుడ్డ బేళ్ల ట్రక్కు కాల్హేర్ దగ్గర బోల్తా పడిందని ఫోన్ వచ్చింది. అటు పరుగెత్తి, ఒక పూట ఆగుదామని అస్థికల కుండను గోదాంలో అర మీద పెట్టాడు. పూట రెండు రోజులైంది. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లడానికి ముఖం చెల్లక కల్యాణ్‌లోనే గుండు చేయించుకొని, అక్కడే లడ్డూలు కొని ప్రసాదమని పంచాడు. తర్వాత చెబుదామంటే రోజు రోజుకూ నోరు ఇంకా బరువెక్కింది.

కనకవ్వ తిట్టలేదు. "ఆటో పిలువు" అంది.

కాల్హేర్ గోదాంలో కుండ అదే అర మీద, అట్టపెట్టెల మధ్య భద్రంగా ఉంది. అక్కడివాళ్లు దానికీ ఒక నంబరు చీటీ అంటించారు. మీద ఎర్ర అక్షరాలతో 'వాపస్' అని ఉంది. రమేశ్ ఆ చీటీని గోటితో గీకుతూ దారి పొడుగునా తల ఎత్తలేదు.

వాళ్లు తిరిగొచ్చేసరికి రెండు దాటింది. మెడలో కొత్త తాయెత్తుతో సిద్ధార్థ తన సంచీ కోసం వచ్చి ఉన్నాడు. డిజైన్లన్నీ చేరాయి. తెర మూలన చిన్న గంట బొమ్మను సాక్షి చూపిస్తే అతను నొక్కాడు. వరసగా వేళలు, పదకొండు, పదకొండున్నర, పన్నెండు, ఒక్కోదాని పక్కన ఆగయ్య గొంతు. రోజూ అందరికీ పనులు గుర్తు చేయడానికి పదేళ్ల కిందట ఆయన రికార్డు చేసి నింపిన మాటలు. పాత పెట్టె స్పీకర్ తీగను ఎలుక కొరికేయడంతో ఇన్నేళ్లూ అవి చప్పుడు లేకుండా మోగుతూనే ఉన్నాయి. గోదాంలో పెట్టిందేమో ఆనాటి దారం మూటలు.

రమేశ్‌కు ప్రాణం లేచొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. "అంటే నేను ఉత్తగనే చెప్పుకున్ననా?"

"నింపినప్పుడు నేను పక్కనే ఉన్న" అంది కనకవ్వ తాపీగా. "మొదటి మాటకే గుర్తువట్టిన."

"మరి చెప్పవా అవ్వా?"

"చెప్దామనే అనుకున్న. గోదాం అనంగనే నీ ముఖం జూసిన. ఊకున్న."

సాక్షి మౌస్ పట్టుకొని, "సబ్ డిలీట్ కరూఁ, బాపమ్మా?" అని అడిగింది.

కనకవ్వ కొంగు ముడిలో మిగిలిన మాత్రలు తడిమి చూసుకుంది. "గోలీలది ఉంచు" అంది.

మర్నాడు పొద్దున రమేశ్ కుండను ఒళ్లో పెట్టుకొని ధర్మపురికని రైలు జనరల్ పెట్టెలో ఇరుక్కున్నాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి అందులో ఏముందని అడిగాడు. ఇక జన్మలో అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్న రమేశ్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఖాళీ అయిన బల్ల మీద నిజామాబాద్ దాకా కాళ్లు చాపుకొని పడుకున్నాడు.